బిడ్డతో కలిసి కొండదారి సైకిల్ రేసు: తిరుపతి, చిత్తూరు వైపు తల్లిదండ్రుల కోసం

బిడ్డతో కలిసి ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసుకి పేరు ఇవ్వాలనుకునే తల్లిదండ్రులు ముందుగా ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. దారిలో ఎవరి వేగంతో పోతారు? మా ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయింది. జంట వేగం అంటే మా పాప వేగం. తనకి పదకొండేళ్ళు, ఆరో తరగతి చదువుతోంది. నేను తిరుపతిలో ఒక ల్యాబులో పనిచేస్తాను, ఆదివారం సెలవు. సైకిల్ కొనడం, నేర్పడం, తిండి, మరమ్మతు అన్నీ ఆ ఒక్క మాట చుట్టూ పెట్టుకుంటే పని సులువవుతుంది. దానికి మనసు ఒప్పుకోనివాళ్ళు జంటగా కాకుండా ఎవరి విభాగంలో వాళ్ళు పోవడం మేలు. ఇది గట్టిగానే చెబుతున్నాను. వెనకబడిన పిల్లవాడి మీద దారి మధ్యలో అరిచే నాన్నల్ని చూశాను. ఆ పిల్లలు మరుసటి సంవత్సరం రేసుకి రాలేదు.

పేరు ఇచ్చే ముందు అడగాల్సినవి

మన వైపు ఇలాంటి పోటీలు ఎక్కువగా సైకిల్ తొక్కే మిత్రులే పెడతారు. మామిడి తోట యజమానిని ఒప్పించి, తోట అంచున, పక్క గుట్ట మీదుగా, ఒక వంక దాటించి మూడు నాలుగు కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. దాన్ని పెద్దవాళ్ళు నాలుగైదు సార్లు, పిల్లలు ఒకటి రెండు సార్లు తిరగాలి. 1996 అట్లాంటాలో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన క్రాస్ కంట్రీ పోటీ కూడా ఇదే పద్ధతి.

తల్లిదండ్రులకీ పిల్లలకీ కలిపి పెట్టే విభాగాలు నేను చూసినంతవరకు మూడు రకాలు. జంటగా పోవడం ఒకటి, ఇందులో వెనక వచ్చినవాళ్ళ టైమే జంట టైము. రిలే రెండోది, బిడ్డ ఒక చుట్టు, మనం ఒక చుట్టు. మూడోది ఒకే ఉదయం ఎవరి వయసు విభాగంలో వాళ్ళు తొక్కడం. ఈ మూడో రకంలో మీ రేసు, బిడ్డ రేసు ఒకే సమయంలో పడితే బిడ్డ దగ్గర ఇంకో పెద్ద మనిషి ఉండాలి. మా ఆయన వస్తానంటేనే నేను అలాంటి రేసుకి ఇద్దరి పేర్లూ ఇస్తాను.

వయసు ఎలా లెక్కగడతారో అడగండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పద్ధతిలో రేసు జరిగే సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తారు. 2014 డిసెంబరులో పుట్టిన బిడ్డ 2026 జనవరి రేసులో 12 ఏళ్ళ బిడ్డగా లెక్క, నిజానికి 11 నిండి నెలే అయినా సరే. మన దగ్గర కొందరు ఇలా చేస్తారు, కొందరు ఆధార్‌లో తేదీ చూస్తారు. విభాగం అంచున ఉన్న పిల్లలకి ఈ తేడా చాలా పెద్దది. అంబులెన్స్ ఉంటుందా, మలుపుల దగ్గర మనుషులు నిలబడతారా, పిల్లలు ఉన్నంతసేపూ పెద్దవాళ్ళ రేసు ఆపుతారా అని కూడా అడగాలి. మూడోదానికి సరైన జవాబు రాకపోతే నేను పేరు ఇవ్వను. చిన్నపిల్లల మధ్యలోంచి దూసుకుపోయే పెద్దవాడి కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

అడవి సంగతి వేరుగా చెప్పాలి. శేషాచలం కొండల్లో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా లోపలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రేసు దారి అటువైపు పోతుంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి చూపించమనండి. ప్రాక్టీసుకి కూడా ఇదే వర్తిస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే 15 ఏళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక ఆ దారిలో పోనివ్వకుండా టీటీడీ ఆంక్ష పెట్టింది. కాబట్టి తెల్లవారకముందు, పొద్దు వాలాక కొండ అంచున పిల్లల్ని తొక్కించకండి. జనవరిలో మనకి సూర్యుడు వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. మేం ఏడుకి ముందు ఊరి రోడ్డు దాటి పోము.

సైకిల్

బిడ్డ సైకిల్‌కి వయసు చూడకండి, ఎత్తు చూడండి. సుమారు 125 నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తుకి 24 అంగుళాల చక్రం సరిపోతుంది, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. అంతకు తక్కువైతే 20, దాటితే చిన్న ఫ్రేమున్న 26 లేదా 27.5. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి తగలాలి. రెండేళ్ళు పనికొస్తుందని పెద్దది కొంటే ఆ రెండేళ్ళూ బిడ్డ రాళ్ళ మీద భయంతోనే తొక్కుతుంది. స్కూలుకి పోవడానికి పెద్ద సైకిల్ పర్వాలేదేమో, గుట్ట దిగడానికి పనికిరాదు.

కొనేటప్పుడు ఎవరూ అడగనిది బరువు. మన షాపుల్లో దొరికే 24 అంగుళాల గేర్ సైకిళ్ళు చాలావరకు 13 నుంచి 15 కిలోలు ఉంటాయి. 30 కిలోల పిల్లకి అది తన బరువులో సగం. 70 కిలోల మనిషి 35 కిలోల సైకిల్‌ని ఎక్కం (పైకి ఎక్కే దారి) మీదికి తొక్కడంతో సమానం. ఆ బరువులో కొంత సీటు కింద పెట్టే రెండో షాక్ (కుదుపు ఆపే స్ప్రింగు) వల్ల వస్తుంది. తక్కువ ధర సైకిళ్ళలో అది చూడ్డానికే తప్ప ఎందుకూ పనికిరాదు, తొక్కిన బలాన్ని కొంత మింగేస్తుంది. వెనక షాక్ లేనిది తీసుకోండి. ముందు షాక్ కూడా లేకపోతే పిల్లలకి నష్టమేం లేదు, గాలి సరిగ్గా పెడితే లావు టైర్లే ఆ పని చేస్తాయి. ఇంటికి తెచ్చాక స్టాండు, మడ్‌గార్డులు, బుట్ట, క్యారియర్, బెల్లు పక్కనున్న బొమ్మ అన్నీ విప్పి పెట్టండి. రేసు అయ్యాక మళ్ళీ బిగించవచ్చు.

బ్రేకు లివర్ దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పితే లివర్ హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. చాలామంది మెకానిక్కులు దీన్ని ముట్టుకోరు, ఎందుకంటే వాళ్ళ చేతికి ఇబ్బంది లేదు. పిల్లల చేతులు చిన్నవి. పాప ఒక్క చూపుడు వేలితో లివర్‌ని అందుకుని, మిగతా వేళ్ళతో హ్యాండిల్ పట్టుకోగలిగేలా దాన్ని సర్దాలి. పిల్లలు దిగుడులో పడడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే: బ్రేకు అందుకోవడానికి హ్యాండిల్ మీద పట్టు వదిలేస్తారు. ఇంకొక సంగతి, మీ సైకిల్లో, బిడ్డ సైకిల్లో ఏ చేతి లివర్ ముందు చక్రానిదో చూడండి. రెండూ ఒకేలా ఉంటే మీరు చెప్పేది బిడ్డకి సరిగ్గా అర్థమవుతుంది. డిస్క్ బ్రేకుంటే చైన్‌కి ఆయిల్ పోసేటప్పుడు డిస్క్ మీద గుడ్డ కప్పండి. ఒక్క చుక్క పడినా బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది.

హెల్మెట్ కనుబొమ్మల మీద రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు దూరాలి. ఆడపిల్లలకి జడ కిందికి వేయండి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు పెట్టండి. ఎత్తుగా కట్టిన జడ, తల వెనక క్లిప్పు ఉంటే హెల్మెట్ ముందుకు జారి కళ్ళ మీద పడుతుంది. ప్యాంటు వదులుగా ఉంటే కుడికాలి అంచుని సాక్సులోకి దోపేయండి. గ్లౌజులు తప్పనిసరి. పడినప్పుడు పిల్లలు ముందు చేతులే ఆన్చుతారు.

ముళ్ళు

మన నేలలో రేసు గెలిచేది, ఓడేది చాలాసార్లు ముళ్ళ దగ్గరే. పల్లేరు కాయ వేరుశనగ చేల గట్ల మీద, చెరువు కట్టల మీద వానలు వెలిశాక ఎండి రాలి పడి ఉంటుంది. ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు పొడవు, టైరులో దిగి లోపలే విరిగిపోతుంది. ఈ రెండోది దొంగ ముల్లు. ట్యూబు మార్చి గాలి కొట్టి పది నిమిషాలు పోయాక, మిగిలిన మొన కొత్త ట్యూబునీ పొడుస్తుంది.

అందుకే ట్యూబు బయటికి తీసిన ప్రతిసారీ టైరు లోపలి వైపు దూది ఉండతో చుట్టూ తుడవండి. ముల్లు మొన ఎక్కడున్నా దూది పోగులు దానికి తగులుకుంటాయి. వేళ్ళతో వెతికితే వేలు కోసుకుంటుంది, కొన్నిసార్లు దొరకను కూడా దొరకదు. మా సీటు కింద సంచిలో దూది ఎప్పుడూ ఉంటుంది. దాంతోపాటు ఇద్దరి సైజు ట్యూబులు, రెండు టైరు లివర్లు, ప్యాచీలు, చిన్న పంపు, కనుబొమ్మలు పీకే ప్లక్కర్ ఒకటి. ముల్లు లాగడానికి ఆ ప్లక్కర్‌ని మించిన పనిముట్టు లేదు.

ట్యూబు మార్చడం బిడ్డకి నేర్పండి. ఇది పెద్దవాళ్ళ పని అని వదిలేయకండి. వరండాలో చాప మీద కూర్చుని ఒక సాయంత్రం తను విప్పాలి, తను బిగించాలి, మీరు చూస్తూ కూర్చోవాలి. చక్రం తీసేముందు గేరుని అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి వేయించండి, అప్పుడు చైన్ సులువుగా వదులుతుంది. వాల్వుకి ఎదురుగా ఉన్న వైపు నుంచి టైరు ఊడదీయడం మొదలుపెట్టి, ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర ఆఖరున ముగిస్తే లివర్ అక్కర్లేకుండానే చేతులతో ఎక్కుతుంది. పదేళ్ళ బిడ్డకి ఇది వస్తుంది. రేసులో పంక్చర్ అయినా మా పాప కంగారు పడదు, కింద కూర్చుని పని మొదలుపెడుతుంది. నాకు అది మెడల్ కంటే ఎక్కువ.

టైర్లు ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవైతే లోపల సీలెంట్ (రంధ్రాల్ని మూసే ద్రవం) పోయించండి, పల్లేరు ముళ్ళకి అదే మందు. కానీ మన ఎండలకి సీలెంట్ తొందరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి చూసుకోవాలి. ట్యూబ్‌లెస్‌లో ముల్లు కనిపిస్తే లాగేసి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఉంచండి, మూసుకుంటుంది. ట్యూబున్న టైరైతే, గాలి దిగకుండా ఉంటే, రేసు ముగిసే గీత దగ్గర్లోనే ఉంటే ముల్లు ముట్టుకోకండి. చాలాసార్లు ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది.

గాలి ఎంత ఉండాలన్నది ఇంకో పెద్ద సంగతి. పంక్చర్ షాపులో కొట్టించుకుంటే రాయిలా బిగించి పంపుతారు. అది తారు రోడ్డుకి బాగుంటుంది, గుట్ట మీద చక్రం ఎగిరి పడుతుంది. 30 కిలోల పిల్లకి, రెండంగుళాల టైరులో ట్యూబుతో 20 పీఎస్ఐ (పంపు గేజ్ మీద ఉండే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి చూడండి. 65 కిలోల పెద్ద మనిషికి 28 నుంచి 30. రాయి మీద ఎక్కినప్పుడు చక్రం రిమ్ము ఠంగున తగిలితే రెండు పీఎస్ఐ పెంచండి, బండి ఎగిరెగిరి పడుతుంటే రెండు తగ్గించండి. గేజ్ ఉన్న నిలువు పంపు ఇంట్లో ఉండడం మంచిది. పాత రకం డన్‌లప్ వాల్వున్న సైకిలైతే గేజ్ సరిగ్గా చూపించదు. ట్యూబు మార్చే అవసరం వచ్చినప్పుడు మోటార్ సైకిల్ రకం వాల్వున్నది వేయించండి, రిమ్ము రంధ్రానికి అది పడుతుందేమో ముందు చూసుకుని.

నేర్పడం

మొదటి మెట్టు కొండ దగ్గర కాదు, స్కూలు గ్రౌండులో. మనం చిన్నప్పుడు ఆగస్టు 15కి, జనవరి 26కి ఆడిన స్లో సైకిల్ రేసు గుర్తుందా? కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళదే గెలుపు. రాళ్ళ దారికి కావలసిన బ్యాలెన్సు, బ్రేకు మీద అదుపు ఆ ఆటలోనే వస్తాయి. బిడ్డతో ప్రతిసారీ ముందు ఇది ఆడండి, ఓడిపోయినా గెలిచినా నవ్వులే.

తర్వాత నిలబడే తీరు. దిగుడు వచ్చినప్పుడు రెండు పెడల్సూ నేలకి సమానంగా ఉండాలి. ఒకటి కిందికి ఉంటే రాయికి తగులుకుని బోల్తా కొడతారు. సీటు మీంచి లేచి, నడుము వెనక్కి, మోచేతులు, మోకాళ్ళు కాస్త వంచి ఉంచాలి. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, పది పదిహేను మీటర్ల ముందుండాలి. పిల్లలకి “రాయిని చూడొద్దు” అని చెబితే రాయినే చూస్తారు, అటే పోతారు. “ఆ కానుగ చెట్టు చూడు” అని చెప్పండి. పోవాల్సిన చోటు చూపిస్తే సైకిల్ దానంతట అదే అటు తిరుగుతుంది.

ఎక్కంలో గేరు ముందే మార్చుకోవాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఊడుతుంది, ఎక్కం మధ్యలో అది ఎక్కించుకోవడం పెద్దవాళ్ళకే కష్టం. సీటు ముందు కొసకి జరిగి, ఛాతీ హ్యాండిల్ వైపు వంచితే ముందు చక్రం లేవదు.

నేల రకాన్ని బట్టి మాట మారుతుంది. చంద్రగిరి దాటాక గుట్టల కింద గరుసు నేల ఎక్కువ. అక్కడ చక్రం కింద పోసిన రాగుల మీద అడుగు పెట్టినట్టు జారుతుంది. మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకూడదు, వేగం మలుపుకి ముందే తగ్గించాలి. తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఇసుకలో దీనికి ఉల్టా, వేగం తగ్గిస్తే చక్రం దిగబడుతుంది. తేలిక గేరులో, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుని, వెనక్కి వాలి ఆపకుండా తొక్కాలి. రాయలచెరువు కట్టలాంటివి గాలికి ఎదురు తొక్కడం అలవాటు చేసుకోవడానికి బాగుంటాయి. చిత్తూరు వైపు ఉన్నవాళ్ళకి మామిడి తోటల మధ్య బండి దారులు ఉన్నాయి, తోటవాళ్ళని అడిగి పోండి. పంట ఉన్న రోజుల్లో, మందు కొట్టిన రోజుల్లో పోకండి.

జంటగా తొక్కేటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక? మా పద్ధతి ఇది. ఎక్కంలో పాప ముందు, నేను వెనక. అప్పుడు తన ఊపిరి నాకు వినిపిస్తుంది, వేగం తనే పెడుతుంది, వెనకబడుతున్నానన్న టెన్షన్ ఉండదు. ఎక్కంలో అమ్మో నాన్నో ముందు పోతుంటే, దూరమయ్యే ఆ వీపుని చూస్తూ తొక్కే బిడ్డకి కాళ్ళలో శక్తి ఉన్నా మనసులో పోతుంది. దిగుడులో మాత్రం నేను ముందు, తను నాలుగు సైకిళ్ళ దూరంలో వెనక. నా చక్రం పోయిన దారినే తన చక్రం వస్తుంది. నేను తనకి హాయిగా ఉన్న వేగం కంటే కొంచెం తక్కువలోనే పోతాను. చదునులో ఎదురుగాలి ఉంటే నేను ముందు, లేకపోతే పక్కపక్కన మాట్లాడుకుంటూ.

మాకు మూడు మాటలున్నాయి. “నీళ్ళు” అంటే వేగం తగ్గించాలి. “ఆగు” అంటే పక్కకి తీసి ఆగాలి. “దిగుతా” అంటే తను సైకిల్ దిగి నడుస్తుంది. ఈ మూడిటిలో ఏది వినిపించినా నేను ఎందుకని అడగను, ఇంకొంచెం పోదాం అనను. “దిగుతా” అనే హక్కు బిడ్డకి ఉండాలి, ఆ మాట రేసు రోజున కూడా చెల్లాలి. నిజానికి నిలువు ఎక్కంలో తడబడుతూ తొక్కేదానికంటే దిగి నెట్టుకుంటూ పరిగెత్తడం చాలాసార్లు తొందరగా అవుతుంది. అందుకే దిగడం, నెట్టడం, మళ్ళీ ఎక్కడం కూడా ప్రాక్టీసులో భాగమే, ఎడమవైపుకి దిగాలి, చైన్ కుడిపక్క ఉంటుంది కాబట్టి కాలికి గీసుకోదు.

వారంలో రెండు సాయంత్రాలు అరగంట, ఆదివారం ఉదయం గంట గంటన్నర చాలు. పిల్లలకి గడియారం పెట్టి వేగం పెంచే కసరత్తులు వద్దు. ఆ కసరత్తు మీకు కావాలంటే బిడ్డ నిద్రలేచేలోపు ఒంటరిగా చేసుకోండి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని రోజు ప్రాక్టీసు మానేయడం నష్టం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకి తుపాన్ల వానలు, ఎర్రమట్టి చక్రాలకి ముద్దలుగా పట్టుకుంటుంది, వంకలు ఒక్కసారిగా పొంగుతాయి. నీళ్ళు పారే వంకని బిడ్డతో సైకిల్ మీద దాటే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. ఆ రోజులు ట్యూబు మార్చే పాఠాలకి సరిపోతాయి.

కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోవద్దని ముందే చెప్పి ఉంచండి. ఆగి, దిగి, సైకిల్‌ని కుక్కకీ మనకీ మధ్య అడ్డంగా పెట్టి మెల్లగా నడవాలి. చెరువు కట్టల మీద ఇది తరచూ ఎదురవుతుంది.

తిండి, నీళ్ళు

ముందురోజు రాత్రి మామూలు అన్నం, పప్పు, పెరుగు. రేసు పొద్దున రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, కారం తక్కువ చట్నీ. పూరీ, వడ వద్దు, నూనె కడుపులో నిలబడుతుంది. సంకటి బలమే గానీ ఆ పొద్దున వద్దు, అరగడానికి టైము పడుతుంది. అది రేసు అయ్యాక, నాటుకోడి పులుసుతో. మొదలుపెట్టడానికి అరగంట ముందు ఒక అరటిపండు. దారిలో పిల్లలకి ఇష్టమైన వేరుశనగ ఉండ ఒకటి జేబులో. కొత్త తిండి ఏదీ రేసు రోజున మొదలుపెట్టకూడదు.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలు ఎండలో ఆడేటప్పుడు ప్రతి 20 నిమిషాలకి 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలి. దాహం వేస్తుందా అని అడిగితే లేదంటారు. అందుకని చుట్టులో చోటు పెట్టుకోండి, “గేటు దగ్గర తాగుతాం, నీళ్ళ తొట్టి దగ్గర తాగుతాం” అని. గంట లోపు రేసుకి మామూలు నీళ్ళు చాలు. అంతకు మించితే పలచటి మజ్జిగలో ఉప్పు, లేదా ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి మొత్తం కలపాలి, సగం సగం వద్దు. చెమట ఆగిపోవడం, తల నొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, అడిగినదానికి తికమకగా జవాబు చెప్పడం, ఇందులో ఏది కనిపించినా రేసు అక్కడితో ఆపి నీడలో పడుకోబెట్టి ఒళ్ళు తడిపి 108కి ఫోన్ చేయాలి.

రేసు రోజు

ముందురోజు సాయంత్రం దారి తెరిచి ఉంటే బిడ్డతో కలిసి నడవండి, సైకిల్ తొక్కకుండా. కష్టమైన ప్రతి చోటికి తననే పేరు పెట్టనివ్వండి. మా పాప పెట్టిన పేర్లు “ఆవు మలుపు”, “అమ్మమ్మ మెట్లు”, “జారుడు బండ”. రేసులో వెనకనుంచి “అమ్మమ్మ మెట్లు వస్తున్నాయి” అంటే చాలు, ఏం చేయాలో తనకి గుర్తుంటుంది. ఎక్కడ దిగాలో కూడా ఆ నడకలోనే తను నిర్ణయించుకోవాలి.

ఆటోలోనో కారులోనో సైకిళ్ళు తీసుకుపోయేటప్పుడు ముందు చక్రం విప్పితే, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకైతే, ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి. చక్రం లేనప్పుడు ఎవరైనా లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చి మళ్ళీ డిస్క్ దూరదు. నంబరు ప్లేటు హ్యాండిల్‌కి కట్టేటప్పుడు బ్రేకు వైర్లు దాని కింద నలగకుండా చూడండి.

మొదలయ్యే చోట వెనక వరసలో నిలబడండి. మొదటి 200 మీటర్లలో ఒకరినొకరు గుద్దుకునేది ముందు వరసల్లోనే. దాటి పోవాలనుకుంటే “కుడి పక్క” లేదా “ఎడమ పక్క” అని గట్టిగా అనాలి, బిడ్డ కూడా. నెట్టుకుంటూ నడిచేవాళ్ళు తొక్కేవాళ్ళకి దారి ఇవ్వాలి. మీరు “దిగుతా” అన్న చోట ఇది మీకూ వర్తిస్తుంది, సైకిల్ పక్కకి తీయండి. బిడ్డని తోయడం, సైకిల్ పట్టి లాగడం చేయకండి. చాలా రేసుల్లో అందుకు అనర్హులని చేస్తారు, చేయకపోయినా బిడ్డకి అది తన రేసు కాకుండా పోతుంది.

పడితే? ముందు బిడ్డని లేపకండి. తనంతట తను లేచేదాకా పక్కన కూర్చోండి, వెనక వచ్చేవాళ్ళకి కనిపించేలా ఇంకెవరినైనా చేయి ఊపమనండి. గీతలైతే శుభ్రమైన నీళ్ళతో ఇసుక కడిగి గాజుగుడ్డ కట్టాలి. తలకి దెబ్బ తగిలితే, హెల్మెట్ పగిలినా పగలకపోయినా, బిడ్డ బాగున్నానన్నా సరే, ఆ రోజుకి రేసు అయిపోయింది. డాక్టరుకి చూపించాలి, ఆ హెల్మెట్‌ని మళ్ళీ వాడకూడదు. ఇక్కడ మాత్రం నిర్ణయం బిడ్డది కాదు, మీది.

అయ్యాక

గీత దాటిన వెంటనే టైము, స్థానం గురించి మాట్లాడకండి. నీళ్ళు, నీడ, తిండి. సంకటి తింటున్నప్పుడు వాళ్ళే మొదలుపెడతారు, ఏ మలుపు బాగా వచ్చింది, ఎవరిని దాటారు, ఎక్కడ భయం వేసింది. భయం వేసిన చోటు పేరు రాసి పెట్టుకోండి, వచ్చే నెల ప్రాక్టీసు అక్కడినుంచే మొదలవుతుంది. నేను అడిగేది ఒకటే, “ఇంకోటి పోదామా?” వద్దంటే కొన్ని నెలలు ఆ మాట ఎత్తను. స్కూలుకి, ట్యూషన్‌కి సైకిల్ తొక్కుతూనే ఉంటుంది కదా, కాళ్ళకి అలవాటు పోదు.

సాయంత్రం సైకిళ్ళు కడిగేటప్పుడు చక్రాల ఇరుసుల మీదికి, పెడల్ ఇరుసు మీదికి నీళ్ళ పైపు నేరుగా పెట్టకండి, లోపల గ్రీజు పోతుంది. గుడ్డతో తుడిచి, చైన్ ఆరాక ఒక్కో లంకెకి ఒక్కో చుక్క ఆయిల్ వేసి, మిగిలింది తుడిచేయండి. టైర్లు చుట్టూ చూసి దిగబడిన ముళ్ళు లాగండి, రేసులో గాలి పోకపోయినా మర్నాటికి పోవచ్చు. స్టాండు, బుట్ట మళ్ళీ బిగించండి, సోమవారం పొద్దున స్కూలు ఉంటుంది.